డెస్మండ్ కట్టని చందా

డెస్మండ్ ఫెర్రబీ స్పెయిన్ వచ్చి ఇరవై ఏడేళ్ళయినా ఇక్కడి భాషలో నాలుగు ముక్కలే నేర్చుకున్నాడు. వాటిలో రెండు బీరు తెప్పించుకోవడానికి, ఒకటి బిల్లు అడగడానికి, ఇంకోటి ఎవరైనా అధికారి ఎదురుపడితే "నాకు తెలియదు" అనడానికి. ప్రభుత్వం కంట పడకుండా బతకడమే తన జీవితంలోకెల్లా ఘనకార్యమని అతని నమ్మకం. ఒక ప్రభుత్వం కాదు, రెండు.

ఇంగ్లండులోని హల్ నగరంలో అతను ఇళ్ళకి తివాచీలు పరిచేవాడు. పదహారో ఏట ఒక కొట్టులో చేరాడు, ఇరవై అయిదో ఏట మానేసి సొంతంగా పని పట్టాడు. అక్కణ్ణించి కూలి డబ్బు చేతిలోంచి జేబులోకే పోయింది తప్ప ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ముప్పై ఎనిమిదో ఏట భార్య గ్లెనిస్‌ని, వ్యాను నిండా సామానుని వేసుకుని మా ఊరు లోమా బ్లాంకాకి వచ్చి పడ్డాడు. ఇక్కడ తివాచీలెవరు పరుచుకుంటారు, ఈ ఎండకి? అందుకని స్నానాలగదులకి పలకలు అతికించడం మొదలుపెట్టాడు. పని మంచిదే, నిజం చెప్పాలి. మా ఇంట్లో అతను అతికించిన పలకలు ఇప్పటికీ ఒక్కటి కదల్లేదు. కదిలినదల్లా అతని నోరే.

సాయంత్రం అయిదు దాటితే మా బౌల్స్ క్లబ్బులో అతని ప్రసంగం ఉండేది. బంతులు దొర్లించడం అయిపోయాక అందరం రేకుల పందిరి కింద చేరేవాళ్ళం. వలసొచ్చినవాళ్ళ వల్ల ఇంగ్లండు ఎలా నాశనమైపోయిందో, ఇంగ్లండు నించి వలసొచ్చిన మా నలభైమందికీ డెస్మండ్ విడమరిచి చెప్పేవాడు. తర్వాత పింఛను కోసం ప్రభుత్వానికి కట్టే చందా మీదికి వచ్చేవాడు.

"నెలనెలా జీతంలోంచి కోస్తే కోశారు, దేశం బయటికొచ్చేశాక కూడా కోరి కట్టేవాణ్ణి ఏమంటారు? గొర్రె అంటారు. అదైనా కత్తెర పట్టుకొచ్చేదాకా ఆగుతుంది. వీడు బొచ్చు తనే కత్తిరించి పోస్టులో పంపిస్తాడు. మనకి అరవై ఆరు వచ్చేసరికి ఆ ఖజానాలో ఎలుక కూడా ఉండదు, రాసి పెట్టుకోండి."

"బాగా చెప్పావు డెస్," అనేవాళ్ళం అందరం. నేనూ అనేదాన్ని. నా పేరు ఐరిస్, ఆ క్లబ్బుకి ఇరవై ఏళ్ళు కార్యదర్శిని. అతను చెప్పేది వినడానికి సరదాగా ఉండేది. పైగా ఎవరైనా కాదంటే ఇంకో గంట చెప్పేవాడు.

గ్లెనిస్ మాత్రం వేరే మనిషి. వేల్స్ కొండల్లో గని కార్మికుడి కూతురు. ఒక సంచిలో దువ్వెనలు, కత్తెరలు పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మా అందరికీ జుట్టు కత్తిరించేది. వచ్చిన రెండో నెల్లోనే ఊళ్ళో కాగితాల పనులు చేసిపెట్టే ఎన్‌కార్నా దగ్గరికి వెళ్ళి, తన పేరు పద్ధతిగా నమోదు చేయించుకుని, స్పెయిన్‌కి పన్ను కట్టడం మొదలుపెట్టింది. ఆ సంగతి విన్నప్పుడు డెస్మండ్, తన పెళ్ళాన్ని ఎవరో మతం మార్చినట్టు బాధపడ్డాడు.

ఆమె జుట్టు కత్తిరించేవాళ్ళలో మిస్ టిబ్బెట్స్ అని ఒక పెద్దావిడ ఉండేది. ఇంగ్లండులో ముప్పై ఏళ్ళు పన్నుల ఆఫీసులో గుమాస్తాగా చేసింది. ఒకరోజు కుర్చీలో కూర్చుని, మెడచుట్టూ తువ్వాలు కట్టించుకుంటూ అడిగిందట:

"దేశం దాటొచ్చాక పింఛను చందా కడుతున్నావా అమ్మాయీ?"

"దేశంలో లేనివాళ్ళు కూడా కట్టొచ్చాండీ?"

"భేషుగ్గా కట్టొచ్చు. ఇక్కడ పనిచేసుకుంటూ ఉంటే మరీ తక్కువ. ఏ పనీ లేనివాళ్ళకి దానికి అయిదు రెట్లు ఉంటుంది. ముప్పై అయిదేళ్ళు కడితే నిండు పింఛను. పదేళ్ళు కూడా లేవనుకో, గుండుసున్నా. తొమ్మిదేళ్ళ పదకొండు నెలలున్నా గుండుసున్నానే. చెవి దగ్గర కొంచెం జాగ్రత్త."

గ్లెనిస్ రెండు దరఖాస్తులు తెప్పించింది, తనకొకటి, మొగుడికొకటి. అతను తనదాన్ని పూర్తిగా చదివాడు. చదివి, అప్పుడే వాడిన తాపీకి అంటుకున్న సిమెంటు దానితో తుడుచుకున్నాడు. ఇది నాకు ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం క్లబ్బులో అతనే చెప్పి నవ్వించాడు.

అక్కణ్ణించి అదో ఆనవాయితీ అయిపోయింది. ఏటా ఏప్రిల్‌లో గ్లెనిస్ చందా పంపిన రోజున డెస్మండ్ తన టోపీ తీసి బల్లలన్నీ తిప్పేవాడు. "అనాథ ప్రభుత్వానికి గ్లెనిస్ గారి ధర్మనిధి. తలో చెయ్యి వెయ్యండి బాబూ," అనేవాడు. మేము తిన్న ఆలివ్‌కాయల గింజలు అందులో వేసేవాళ్ళం. ఆమె టోపీ అందుకుని, గింజలు చెత్తబుట్టలో పోసి, "టోపీ ఉతుక్కో డెస్, వాసనొస్తోంది," అని తిరిగిచ్చేసి తన గ్లాసు తను తాగేది. ముఖంలో కోపం ఉండేది కాదు. ఆ రోజుల్లో అది ఆమె మెతకదనం అనుకున్నాను.

మూడో ఏడో నాలుగో ఏడో, సరిగ్గా గుర్తులేదు, మా వంటింట్లో ఆమె నా జుట్టు కత్తిరిస్తోంది. గింజలు వేసిన మర్నాడే. నా నోరు ఊరుకోలేదు.

"గ్లెన్, ఆ దరఖాస్తు ఇంకోటి ఏమైనా ఉందా?"

ఆమె కత్తెర ఆపకుండానే ఎడంచేత్తో సంచి తెరిచింది. దువ్వెనల కింద ఒక కట్ట ఉంది.

"నువ్వు పదకొండోదానివి," అంది.

"పదకొండా? మిగతా పదిమందీ ఎవరు?"

"జుట్టు కత్తిరించేవాళ్ళు అక్కడి మాట ఇక్కడ చెబితే రెండోసారి ఎవరూ తలొంచరు ఐరిస్."

నేను సంతకం పెట్టాను. ఆ సాయంత్రం డెస్మండ్ గొర్రెల సంగతి ఎత్తుకుంటే అందరికంటే ముందు నవ్వాను. చుట్టూ చూస్తే తక్కినవాళ్ళూ కాస్త గట్టిగానే నవ్వుతున్నారనిపించింది. నాకు సిగ్గేసిందా అంటే, వేసింది. ఎంతసేపంటే, ఇంకో గ్లాసు వచ్చేదాకా.

ఏళ్ళు అలా గడిచాయి. మిస్ టిబ్బెట్స్ తొంభై ఒకటో ఏట పోయింది. డెస్మండ్‌కి మోకాళ్ళు అరిగాయి, వంగి పలకలు అతికించే పని తగ్గిపోయింది. అతనికంటే ఒక ఏడాది పెద్దదైన గ్లెనిస్‌కి మార్చిలో అరవై ఆరు నిండాయి. నెల తిరక్కుండా ఆమె ఖాతాలో నిండు పింఛను పడింది.

ఖజానాలో ఎలుక కూడా మిగలదన్న మనిషికి ఆ రోజున జ్ఞానోదయమైంది. మర్నాడు క్లబ్బులో ప్రసంగం మారిపోయింది.

"ఇంటింటికీ తిరిగి జుట్టు కత్తిరించినదానికే అంత ఇస్తే, ఒళ్ళు హూనం చేసుకున్న మగాడికి ఎంతివ్వాలి? అది దయ కాదు, పుట్టుకతో వచ్చిన హక్కు. మా నాన్న ఆ దేశం కోసం యుద్ధం చేశాడు."

అతని నాన్న యుద్ధమంతా సైనికుల వంటశాలలో బంగాళాదుంపలు చెక్కాడని గ్లెనిస్ నాకు ఒకసారి చెప్పింది. చెక్కేవాళ్ళూ కావాలి కదా.

తనకెంత వస్తుందో చెప్పమని డెస్మండ్ తన వయసు నిండకముందే ఇంగ్లండుకి ఉత్తరం రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. మీ పేర తొమ్మిదేళ్ళ చందా ఉంది, కనీసం పదేళ్ళుండాలి, కనక ప్రస్తుతానికి మీకు రావలసింది ఏమీ లేదు.

నాలుగు రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. క్లబ్బులో గొంతు వినపడకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకుని నార్మన్ అతని ఇంటికి సూపు కూడా పట్టుకెళ్ళాడు. నార్మన్ క్రాపర్ అంటే మా క్లబ్బు కోశాధికారి, పూర్వం లారీ నడిపేవాడు. అయిదో రోజు డెస్మండ్ ఇంగ్లండుకి ఫోను చేశాడు. గ్లెనిస్ పక్క గదిలో బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

ఫోన్లో అమ్మాయి ఓపికగా చెప్పింది. "ఫర్వాలేదు సార్, మీరు వదిలేసిన ఏళ్ళల్లో చాలావాటికి ఇప్పుడు కూడా కట్టొచ్చు. గడువు ఉంది. ఒక్క ప్రశ్న. స్పెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ మీరేమైనా పనిచేశారా?"

ఇరవై ఏడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆలోచించకుండానే నోట్లోంచి ఊడిపడింది. "లేదమ్మా. ఒక్కరోజు కూడా చెయ్యలేదు."

"అలాగైతే మీకు ఎక్కువ రేటు వర్తిస్తుంది సార్. పనిచేసి ఉంటే అందులో అయిదోవంతే అయ్యేది."

డెస్మండ్ గొంతు తగ్గించి అన్నాడు. "అంటే... పూర్తిగా చెయ్యలేదని కాదు."

"చేశారా సార్? చాలా మంచిది. ఆ పనికి ఆధారాలు ఏమైనా పంపగలరా?"

గ్లెనిస్ ఆ రోజు ఒకే దిండు గలీబుని ఆరుసార్లు మడతపెట్టిందట.

ఆధారాల కోసం అతను ఎన్‌కార్నా దగ్గరికి పోయాడు. భాష రాదు కనక నన్ను వెంట తీసుకెళ్ళాడు. పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఎన్‌కార్నా అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అంటే మీరు ఇరవై ఏడేళ్ళు ఇక్కడ పలకలు అతికించారని నేను కాగితం తయారుచెయ్యాలి. అంతేగా?"

"అంతే. చిన్న కాగితం చాలు."

"సంతోషంగా చేస్తాను సెన్యోర్. అలాంటి కాగితం పుట్టాలంటే ముందు మా పన్నులవాళ్ళ దగ్గర మీ పేరుండాలి. కనక వాళ్ళకీ ఒక నకలు వెళ్తుంది."

"వాళ్ళకెందుకు? ఇది మా దేశానికి మాకూ మధ్య వ్యవహారం."

"పని మా దేశంలో చేశారు కదండీ. వాళ్ళకీ తెలుసుకోవాలని ఉంటుంది, ఎన్ని స్నానాలగదులు, ఎవరెవరివి, ఎంతెంతకి అని. మీకు జ్ఞాపకం లేకపోతే ఇల్లిల్లూ తిరిగి వాళ్ళే లెక్కపెట్టుకుంటారు."

మా ఇంటి స్నానాలగది గుర్తొచ్చి నాకు ముచ్చెమటలు పోశాయి. ఆ మాట మాత్రం అనువాదం చెయ్యడానికి కొంచెం సమయం తీసుకున్నాను.

"అయితే నేను పనే చెయ్యలేదు," అన్నాడు డెస్మండ్.

"అలాగే రాసుకోండి. మరి ఇరవై ఏడేళ్ళు ఎలా బతికారని ఎవరైనా అడిగితే?"

అతను గోడమీది క్యాలెండరు వంక చూశాడు. ఎన్‌కార్నా కళ్ళజోడు పెట్టుకుంది.

"భార్య సంపాదన మీద అని చెప్పండి," అంది. "ఆవిడ కాగితాలన్నీ నా దగ్గరున్నాయి. ఒక్క నెల కూడా తప్పలేదు. మీకు ఆవిడ కంటే గొప్ప ఆధారం దొరకదు."

ఈ ముక్కని నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క అక్షరం తగ్గించకుండా.

ఆ అవమానానికి మందు అతనికి ఒకటే తెలుసు, ప్రసంగం. ఆ శుక్రవారం క్లబ్బులో అత్యవసర సమావేశం పెట్టించాడు. నలభైమందీ వచ్చారు. గ్లెనిస్ బారు దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చుంది. నేను పుస్తకం తెరిచి తేదీ రాశాను.

"మనల్ని మోసం చేశారు," అని మొదలుపెట్టాడు డెస్మండ్. "ఎండకోసం ఇక్కడికొచ్చిన పాపానికి మనందరికీ పింఛను ఎగ్గొట్టారు. నేను ఒక్కణ్ణే అయితే పోన్లే అనుకునేవాణ్ణి. మీకోసం మాట్లాడుతున్నాను. మనం పోరాట సంఘం పెడదాం. పార్లమెంటుకి మహజరు పంపుదాం. కట్టనివాళ్ళందరూ ముందు చేతులెత్తండి. ఐరిస్, లెక్క రాసుకో."

తనే ముందు చెయ్యెత్తాడు.

నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గ్లాసు కిందపెట్టారు. డెస్మండ్ చెయ్యి అలాగే ఉంది.

"సిగ్గుపడకండ్రా, మనమంతా ఒకే పడవలో ఉన్నాం."

నార్మన్ గొంతు సవరించుకున్నాడు. "అది కాదు డెస్. నేను కట్టాను."

"నువ్వా? ఎప్పుడు?"

"రెండువేల రెండు నించి. ఏటా. మా ఆవిడది కూడా."

డెస్మండ్ చెయ్యి సగం దిగింది. వెనక బల్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళు తామూ కట్టామన్నారు. గోడపక్కనున్న ముసలాయన తనకి పింఛను రావడం మొదలై మూడేళ్ళయిందన్నాడు. ఆ తర్వాత ఎవరూ విడిగా చెప్పలేదు, అందరూ తలలే ఊపారు. అతను నా వైపు తిరిగాడు.

"ఐరిస్, నువ్వు కూడానా?"

"పద్దెనిమిదేళ్ళు డెస్."

"మరి అందరూ నవ్వారు కదా. టోపీలో గింజలు వేశారు కదా."

"గింజలు ఊరికే వస్తాయి డెస్," అన్నాడు నార్మన్.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఊరంతా ఉలిపికట్టె దారే గొప్పదని చప్పట్లు కొట్టి, తమ దారిన తాము పోవడం నేను అక్కడే చూశాను. ఇరవై ఏళ్ళు ఆ మనిషి చేసిన బోధని అక్షరాలా నమ్మినవాడు ఆ పందిరి కింద ఒక్కడే ఉన్నాడు.

డెస్మండ్ మెల్లిగా భార్య దగ్గరికి నడిచాడు. "వీళ్ళందరికీ దరఖాస్తులు నువ్వే ఇచ్చావా?"

"అడిగినవాళ్ళకి ఇచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు గ్లెన్?"

"ఏటా ఏప్రిల్‌లో నీ కంచం పక్కన ఒకటి పెట్టాను. దానిమీద కాఫీ కప్పు పెట్టుకునేవాడివి."

"ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది."

"ఎప్పుడు డెస్? నువ్వు మాట్లాడుతున్నప్పుడా?"

నా ఎరుకలో మొట్టమొదటిసారి అతను ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయాడు. జాలేసింది నాకు. మేమంతా కలిసి ఒక మనిషిని నవ్వుతూ నవ్వుతూ గోతిలోకి సాగనంపామనిపించింది. ఎవరో ఒకరం ఏదో ఒక సాయంత్రం, ఊరుకో డెస్, నేను కడుతున్నాను అని ఉంటే సరిపోయేది. అనలేదు. అతని కబుర్లు ఆగిపోతాయని భయం. పుస్తకంలో మాత్రం "తీర్మానం వీగిపోయింది" అని రాసి మూసేశాను.

ఆ జాలి ఆదివారం దాకా ఉంది. ఆదివారం అతను, ఇల్లు ఒకటే అయినప్పుడు పింఛను కూడా ఒకటే ఖాతాలో, అంటే తన ఖాతాలో, పడితే బాగుంటుంది కదా అని గ్లెనిస్‌ని అడిగాడని తెలిసింది.

"బాగుంటుంది," అందట ఆమె. "ముందు నీ పడవ అమ్ము."

రేవులో అతనికి ఒక చిన్న మోటారు పడవ ఉంది. అరడజనుసార్లు సముద్రంలోకి తీసుకెళ్ళి ఉంటాడు, ఆరుసార్లూ ఇంకొకరు లాక్కొచ్చారు. వారం రోజులు అలిగాడు, చివరికి ఒక డచ్చివాడికి అమ్మాడు. ఆ డబ్బుతో, ఏ పనీ చెయ్యనివాడి రేటు మీద, అయిదు రెట్లు పోసి ఎనిమిదేళ్ళు కొనుక్కున్నాడు. తొమ్మిదీ ఎనిమిదీ పదిహేడు. నిండు పింఛనులో సగానికి కాస్త తక్కువ. దరఖాస్తులో "విదేశంలో మీ వృత్తి" అన్న చోట ఏం రాయాలో తెలియక రెండు రోజులు చూసి చివరికి "లేదు" అని రాశాడు. రాసేటప్పుడు చెయ్యి ఆగిందని గ్లెనిస్ చెప్పింది. మంచి పనివాడు కదా, ఆ ఒక్క మాట అతన్ని నిజంగానే కోసినట్టుంది. మా స్నానాలగది పలకలు చూసినప్పుడల్లా నాకు ఆ "లేదు" గుర్తొస్తుంది.

మనిషి మారాడా అంటే, పింఛను మొదలైన రెండో నెల్లో క్లబ్బు గోడ మీద ఒక ప్రకటన అంటించాడు. "విదేశాల్లో ఉంటూ పింఛను చందా కట్టుకోవడం ఎలా? అనుభవజ్ఞుడు డెస్మండ్ ఫెర్రబీ వివరిస్తారు. ప్రతి బుధవారం. టిక్కెట్టు రెండు యూరోలు."

మొదటి బుధవారం నేనూ వెళ్ళాను. ఈమధ్య కంప్యూటర్లు పట్టుకుని చిన్నవయసు వాళ్ళు కూడా వస్తున్నారు ఇక్కడికి. పన్నెండుమంది కూర్చున్నారు. డెస్మండ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"కట్టనివాణ్ణి ఏమంటారో తెలుసా?" అని అడిగాడు. "గాడిద అంటారు. నా కళ్ళముందే చూశాను. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు."

నార్మన్ బీరు తాగుతూ పొలమారి, లేచి బయటికి పోయాడు.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని శ్రద్ధగా రాసుకుంటోంది. "మీరు మొత్తం ఎన్నేళ్ళు కట్టారండీ?"

"పదిహేడేళ్ళు," అన్నాడు డెస్మండ్, కనురెప్ప వాల్చకుండా. "మా ఆవిడ కూడా కట్టిందిలే."

ఆ అమ్మాయి మెచ్చుకోలుగా తలూపి రాసుకుంది. గ్లెనిస్ వెనక వరసలోంచి లేచి వచ్చి, సంచిలోంచి ఒక దరఖాస్తు తీసి, ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి చూపించింది. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.